ఇంటి లెక్క: 52 వేల రూపాయలలో గేమింగ్ కంప్యూటర్

రంజాన్ పండుగ ముగిసిన పది రోజులకు కడప నుండి మాకు ఫోను వచ్చింది. మాట్లాడింది వరుసకు మా చెల్లెలు. "భాయ్, వీలు చూసుకొని ఒకసారి వచ్చి పోండి. ఇంట్లో తండ్రీ కొడుకులు మాట్లాడుకోవడం మానేశారు" అన్నది. కారణం అడిగితే కాసేపు ఏమీ చెప్పలేక, చివరకు "కంప్యూటరు" అన్నది.

ఈ శీర్షికలో ఇంతవరకు పెళ్లి ఖర్చుల గురించి, ఇంటి మరమ్మతుల గురించి, పిల్లల ఫీజుల గురించి లెక్కలు వేసుకున్నాము. ఆటలాడుకొనే కంప్యూటరు గురించి రాయవలసి వస్తుందని మేము అనుకోలేదు. కాని ఈ కోరిక నేడు అనేక ఇళ్లలో వినిపిస్తున్నది. దానికి "వద్దు" అని ఒక్క మాటలో బదులు చెప్పడం సులభమే. అయితే ఆ ఒక్క మాట ఇంట్లో ఎంత దూరాన్ని పెంచగలదో కడపలో కళ్లారా చూశాము. అందుకే ఈ నెల లెక్క ఇది.

కర్నూలులో తెల్లవారుజామున బస్సెక్కి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడప చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. మా బావగారికి మోటారు వైండింగు దుకాణం ఉన్నది. రాయలసీమలో బోరు మోటారు కాలిపోని ఊరు లేదు కనుక ఆయనకు పనికి కొదువ లేదు. రాబడికి మాత్రం హద్దు ఉన్నది. కుమారుడు డిగ్రీ రెండవ సంవత్సరం చదువుతూ, రెండేళ్లుగా సాయంత్రాలు ఒక మొబైల్ మరమ్మతు దుకాణంలో పని చేస్తున్నాడు. ఆ కూలి, పండుగలకు వచ్చిన ఈదీ కలిపి 34 వేలు దాచుకున్నాడు. తండ్రి తన వంతుగా 18 వేలు పక్కన పెట్టారు. మొత్తం 52 వేలు.

మరి గొడవ ఎక్కడ వచ్చింది? ఒక దుకాణం వారు ఆ అబ్బాయికి 78 వేల రూపాయల జాబితా ఒకటి రాసి ఇచ్చారు. చేతిలో ఉన్నది కట్టి, తక్కువ పడిన 26 వేలు వాయిదాల మీద తీర్చవచ్చునన్నారు. నెలకు 2,400 చొప్పున పన్నెండు నెలలు. తండ్రి "వడ్డీ బేరం నా గడప తొక్కదు" అన్నారు. కొడుకు "అది వడ్డీ కాదు, ఈఎంఐ" అన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "అసలు ఈ యంత్రం ఎందుకు?" అని తండ్రి అడిగితే, అబ్బాయి "ఆడుకోవడానికే అబ్బా" అని ఉన్నది ఉన్నట్లు చెప్పాడు. తండ్రికి ఆ మాటే ముల్లులా గుచ్చుకున్నది.

మేము ముందుగా ఆ మాట గురించే మాట్లాడాము. "ఆన్‌లైన్ క్లాసుల కోసం" అని చెప్పి కొనిపించుకొనే పిల్లలు కొల్లలుగా ఉన్నారు. ఈ పిల్లవాడు అలా చెప్పలేదు. చెప్పి ఉంటే ఈపాటికి డబ్బు చేతికి వచ్చేదని వాడికి తెలుసు. నిజం చెప్పినందుకు శిక్ష పడితే, రెండవసారి ఏ పిల్లవాడూ నిజం చెప్పడు. బావగారు బదులు పలుకలేదు. కాని "సరే, ఆ జాబితా చూడండి" అని కాగితం మా చేతికి ఇచ్చారు.

వాయిదాల అసలు లెక్క

నెలకు 2,400 చొప్పున పన్నెండు నెలలకు 28,800. ప్రాసెసింగ్ రుసుము మరో 500. అంటే 26 వేల రూపాయలకు 29,300 కట్టాలి. పైన పడిన 3,300 రూపాయలను ఏ పేరుతో పిలిచినా అది అప్పు మీద వచ్చిన పెంపే. ఇక "నో కాస్ట్ ఈఎంఐ" అన్న మాట కూడా బజారులో విరివిగా వినిపిస్తుంది. సున్నా శాతం వడ్డీ అనేది అసలు లేనే లేదని, అటువంటి పథకాలలో వడ్డీని వేరే రూపాలలో కలిపివేస్తున్నారని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులను హెచ్చరించింది. ఒకచోట నగదు మీద ఇచ్చే తగ్గింపు మనకు దక్కదు. మరొకచోట కంపెనీయే వడ్డీ మొత్తాన్ని తగ్గింపుగా చూపి, బ్యాంకు మన ఖాతాలో వడ్డీ రాసుకుంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా వేస్తుంది. క్రెడిట్ కార్డు బిల్లును ఓపికగా చదివితే ఆ పంక్తి కనిపిస్తుంది.

వడ్డీ విషయంలో మన కుటుంబాల నిలకడ ఎటువంటిదో చెప్పనవసరం లేదు. అయితే "వద్దు" అని చెప్పిన పెద్దలు "మరి ఎలా?" అన్న ప్రశ్నకు కూడా బదులు వెదకాలి. ఆ బదులు ఈ యంత్రం స్వభావంలోనే ఉన్నది. భాగాలుగా కొని కూర్చుకొనే కంప్యూటరును ఒకేసారి పూర్తి చేయవలసిన అవసరం లేదు. ఇల్లు కట్టుకొనేవారు పునాది గట్టిగా వేసి, పై అంతస్తును మూడేళ్ల తరువాత వేసుకున్నట్లే దీనినీ నిర్మించుకోవచ్చు. పునాదిలో పొదుపు చేస్తే మాత్రం పై అంతస్తు ఎన్నటికీ నిలవదు.

కంటికి కనిపించేవి, కనిపించనివి

ఆ 78 వేల జాబితాను వరుసగా చదివాము. రంగురంగుల దీపాల ఫ్యాన్లు ఆరు, ముందువైపు మొత్తం అద్దం ఉన్న క్యాబినెట్, నీటితో చల్లబరిచే కూలరు, మెరిసే కీబోర్డు. వీటికే దాదాపు 20 వేలు. ర్యామ్ దగ్గర ఒకే ఒక 8 జీబీ ముక్క. పవర్ సప్లై దగ్గరకు వచ్చేసరికి "ఎస్ఎంపీఎస్ 500 వాట్లు" అని మాత్రమే ఉన్నది. ఏ కంపెనీదో, ఎన్నేళ్ల వారంటీయో లేదు. కంటికి కనిపించేవాటికి ధారాళంగా, కనిపించనిదానికి పిసినారితనంగా ఖర్చు చేసిన జాబితా అది.

ఆ ఒక్క పంక్తి చూడగానే మా మనస్సు 2014 మే నెలకు వెళ్లింది. ఆనాడు మేము కూడా ఒక కంప్యూటరును కూర్పించుకున్నాము. అందులోని ఎస్ఎంపీఎస్ ఖరీదు 600 రూపాయలు. పేరు ఊరు లేనిది. ఒక సాయంత్రం కరెంటు పోయి, రెండు గంటల తరువాత వచ్చింది. వచ్చిన క్షణంలోనే పెట్టె వెనుక నుండి టపీమని శబ్దం, కాలిన వాసన. ఆ 600 రూపాయల డబ్బా తాను పోతూ మదర్‌బోర్డును, హార్డ్ డిస్కును తనతో తీసుకుపోయింది. దుకాణం వారు "కరెంటు తప్పు" అన్నారు. బోర్డు మరల కొనుక్కున్నాము. డిస్కులో మా తండ్రిగారి గొంతు ఉన్నది. ఆయన చివరి వేసవిలో వరండాలో కూర్చొని మా పిల్లలకు చెప్పిన పాతకాలపు ముచ్చట్లు. వేరొకచోట నకలు దాచుకోలేదు. ఆ తప్పు మాదే. దానిని ఏ డబ్బుతోనూ తిరిగి కొనలేకపోయాము.

ఈ సంగతి చెబుతున్నప్పుడు బావగారు మొదటిసారి కుర్చీ ముందుకు జరుపుకొని కూర్చున్నారు. "ఎర్త్ ఉండిందా?" అని అడిగారు. మాకు తెలియదు. "తెలియదంటే లేదనే" అన్నారు ఆయన. ఆ క్షణం నుండి ఆ జాబితా తండ్రీ కొడుకుల ఉమ్మడి పని అయింది.

మొదట ఏ ఆట, ఏ తెర

భాగాలను ఎంచుకోవడం ప్రాసెసరుతో మొదలు కాదు. ఏ ఆట ఆడాలి, ఏ తెర మీద ఆడాలి అన్నదానితో మొదలవుతుంది. ఆ అబ్బాయి ఆడేది వాలరెంట్, స్నేహితులతో మైన్‌క్రాఫ్ట్. ఇవి భారీ ఆటలు కావు. 24 అంగుళాల తెర, 1920కి 1080 చుక్కల స్పష్టత వీటికి సరిపోతుంది. తెర స్పష్టత పెరిగేకొద్దీ గ్రాఫిక్స్ కార్డు మోయవలసిన బరువు అనేక రెట్లు పెరుగుతుంది. 4కే తెర మీది చుక్కలు దీనికి సరిగ్గా నాలుగు రెట్లు.

తల్లిదండ్రులు ఇక్కడే ఒక పని చేయాలి. ప్రతి ఆటకూ వయస్సు గుర్తు ఉంటుంది. ఐరోపా వారి పెగీ గుర్తు ప్రకారం మైన్‌క్రాఫ్ట్‌కు 7, వాలరెంట్‌కు 16, జీటీఏ 5కు 18. ఇంట్లో చిన్న పిల్లలు ఉన్నవారు ఈ అంకెను చూసి మాట్లాడుకోవాలి. చూడకుండా తిట్టడం వలన ప్రయోజనం లేదు.

ప్రాసెసరు, బోర్డు, ర్యామ్

ప్రాసెసరు పేరు చివర ఉండే అక్షరాలను తేలికగా తీసుకోరాదు. ఇంటెల్ కోర్ ఐ3 12100ఎఫ్ చవకైనది, మంచిది. అయితే ఆ "ఎఫ్" అంటే లోపల గ్రాఫిక్స్ లేదని అర్థం. వేరే కార్డు లేనిదే తెర మీద బొమ్మ రాదు. ఏఎండీ రైజెన్ 5 5600 కూడా అటువంటిదే. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ మాత్రం ఆరు కోర్లు, పన్నెండు థ్రెడ్లతో పాటు లోపలే గ్రాఫిక్స్ కలిగి ఉన్నది. వాలరెంట్ వంటి ఆటలను తక్కువ అమరికలలో చక్కగా నడుపుతుంది. 5600తో పోలిస్తే దీనిలో క్యాష్ సగమే. కనుక రేపు గ్రాఫిక్స్ కార్డు పెట్టిన తరువాత కొంత వెనుకబడుతుంది. ఆ కొద్దిపాటి లోటుకు బదులుగా, అప్పు చేయకుండా ఈ రోజే యంత్రం మొదలవుతుంది. మన లెక్కకు ఇదే తగినది.

బోర్డు ఏఎం4 సాకెట్‌ది, బీ550 చిప్‌సెట్‌తో తీసుకున్నాము. ఏ520 బోర్డుతో రెండు, మూడు వేలు మిగిలేవి. కాని వోల్టేజీని మలిచే భాగం మీద వేడి తొలగించే లోహపు దిమ్మెలు ఉన్న బోర్డు కావాలని బావగారే పట్టుబట్టారు. "కాయిల్ కాలేది ఎప్పుడూ వేడికే" అన్నది ఆయన వాదన. కడప ఎండలో ఆ వాదనకు తిరుగు లేదు.

ర్యామ్ 16 జీబీ. ఒకే ముక్కగా కాక, 8 జీబీ ముక్కలు రెండు. లోపలి గ్రాఫిక్స్‌కు సొంత మెమరీ ఉండదు. అది ర్యామ్‌నే వాడుకుంటుంది. రెండు ముక్కలు ఉంటే రెండు దారులు తెరుచుకొని ఆట వేగం గణనీయంగా పెరుగుతుంది. అంతేకాదు, 3200 వేగం అని పెట్టె మీద ఉన్నా, బయోస్‌లో ఎక్స్ఎంపీ అనే అమరికను ఆన్ చేయకపోతే అది తక్కువ వేగంతోనే నడుస్తుంది. డబ్బు పెట్టి కొన్న వేగాన్ని ఏళ్ల తరబడి వాడుకోనివారు ఎందరో ఉన్నారు.

పవర్ సప్లై, ఎర్త్

ప్రాసెసరు 65 వాట్ల తరగతిది, ఒత్తిడిలో దాదాపు 90 తీసుకుంటుంది. రేపు పెట్టదలచిన ఆర్ఎక్స్ 6600 కార్డు 132 వాట్లు. మిగిలినవన్నీ కలిపి 50, 60. మొత్తం 300 దాటదు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు, ఐదేళ్ల వారంటీ ఉన్న 550 వాట్ల పవర్ సప్లై దీనికి చాలినంత. పేరు లేని 750 వాట్ల దానికంటే పేరున్న 450 వాట్లది మేలు. లేబుల్ మీది అంకెను ఎవరైనా అచ్చు వేయగలరు. 12 వోల్టుల లైను మీద ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో చూడాలి. ఆ చిన్న పట్టికను బావగారు కళ్లద్దాలు పెట్టుకొని మోటారు ప్లేటును చదివినట్లు చదివారు.

తరువాత ఆయన టెస్ట్ ల్యాంప్ తెచ్చారు. ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య బల్బు పెడితే ప్రకాశవంతంగా వెలిగింది. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య పెడితే మిణుకుమన్నది. అంటే గోడలో మూడవ రంధ్రం ఉన్నది గాని, దాని వెనుక పని చేసే ఎర్త్ లేదు. మన ఇళ్లలో కంప్యూటరు పెట్టెను తాకితే వేళ్లకు జుమ్మని తగలడానికి కారణం ఇదే. పవర్ సప్లైలోని వడపోత భాగం నుండి కొద్దిపాటి విద్యుత్తు లోహపు పెట్టెలోకి వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకుంటే మన వేలి కోసం ఎదురుచూస్తుంది. రాయలసీమ నేల పొడి నేల, పలుచోట్ల రాతి నేల. అది విద్యుత్తును తేలికగా లోపలికి పోనివ్వదు. ఇంటి వెనుక ఎర్త్ గుంతలో ఉప్పు, బొగ్గు తిరిగి నింపించి, వేసవిలో వారానికి రెండుసార్లు బిందెడు నీరు పోయడం అలవాటు చేసుకోవాలి. ఈ పరీక్షను, ఈ పనిని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే చేయించాలి. ఇంటి పిల్లలు దీనిలో చెయ్యి పెట్టరాదు.

యూపీఎస్ విషయంలో కూడా ముందుచూపు అవసరం. సాధారణంగా దొరికే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్లు మాత్రమే మోస్తుంది. కార్డు, మానిటరు చేరితే అది అంచున నిలబడుతుంది. అందుచేత 1000 వీఏది తీసుకున్నాము. ఇంట్లో సైన్ వేవ్ ఇన్వర్టరు ఉన్నవారు దాని వెనుక యూపీఎస్ అనే మీట ఉన్నదేమో చూసుకోవాలి. దానిని ఆ వైపు ఉంచితే కరెంటు పోయినప్పుడు మార్పిడి వేగంగా జరుగుతుంది.

ఎండ, దుమ్ము

ఫ్యాన్ ఏదైనా గది గాలి కంటే ఎక్కువ చల్లదనం ఇవ్వలేదు. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు 70 దగ్గర నడిచే ప్రాసెసరు, గది 40 ఉన్నప్పుడు దాదాపు 85కు చేరుతుంది. 5600జీ హద్దు 95. ఆ హద్దు దగ్గర అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. కర్నూలు, కడపలలో మే నెలలో 40 దాటడం మామూలు. కనుక ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ మన ప్రాంతానికి తగదు. ముందు జాలీ, దాని వెనుక కడిగి ఆరబెట్టుకొనగలిగే దుమ్ము వడపోత, గాలి లోపలికి తెచ్చే రెండు ఫ్యాన్లు, బయటికి పంపే ఒకటి. ఇంతే అవసరం.

మన ఇళ్లలో కడప బండలతో కట్టిన గూళ్లు, అలమారాలు ఉంటాయి. చూడటానికి పెట్టె అందులో చక్కగా ఇమిడిపోతుంది. కాని మూడు వైపులా బండ, వెనుక గోడ ఉంటే వేడి గాలికి దారి ఉండదు. నేల మీద పెడితే ఊడ్చినప్పుడల్లా దుమ్ము లోపలికి పోతుంది. జానెడు ఎత్తు పీట మీద, గోడకు జానెడు దూరంలో ఉంచాలి. నీటి కూలరు గాలి నేరుగా పెట్టె మీదికి కొట్టరాదు. ఆ గాలిలో తేమతో పాటు మన బోరు నీటి ఉప్పు కూడా ఉంటుంది. కూలరు గడ్డి మీద తెల్లగా పేరుకొనేది అదే.

పాత కార్డుల ప్రలోభం

గ్రాఫిక్స్ కార్డును తరువాత కొందామనుకున్నాము కదా. అబ్బాయి స్నేహితుడొకడు "పాతది సగం ధరకు ఇప్పిస్తా" అన్నాడట. పాత సరుకు కొనడం తప్పు కాదు. అయితే 2020 చివర నుండి 2022 వరకు లక్షలాది కార్డులను క్రిప్టో నాణేల తవ్వకంలో రాత్రింబవళ్లు నడిపారు. 2022 సెప్టెంబరు 15న ఎథీరియం తన పద్ధతిని మార్చుకోవడంతో ఆ పని ఒక్క రోజులో ఆగిపోయింది. ఆ కార్డులు బజారుకు వచ్చాయి. తుడిచి, కొత్త పెట్టెలో పెట్టి "కొద్దిగా వాడినది" అని అమ్మేవారు ఉన్నారు. ఇంకా పాత కార్డులోని సాఫ్ట్‌వేరును మార్చి, దానికి కొత్త కార్డు పేరు పెట్టి అంటగట్టేవారూ ఉన్నారు.

తడిసిన ధాన్యాన్ని రాశి అడుగున దాచిన వర్తకుణ్ణి దైవప్రవక్త (స) నిలదీసిన సంఘటన మనకందరికీ తెలుసు. అమ్మేవాడు సరుకు లోపాన్ని చెప్పాలి. కొనేవాడు రాశిలో చెయ్యి పెట్టి చూడాలి. ఈ సరుకులో చెయ్యి పెట్టడమంటే నాలుగు పనులు. అసలు బిల్లు అడగడం. సీరియల్ నంబరుతో కంపెనీ వద్ద వారంటీ సరిచూడటం. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో కార్డు అసలు పేరు చూడటం. కనీసం అరగంట బరువైన ఆట నడిపి ఫ్యాన్ శబ్దం, వేడి గమనించడం. వీటిలో దేనికి అమ్మేవాడు ఒప్పుకోకపోయినా అక్కడి నుండి లేచి రావడమే మంచిది. రేపు మన పాత భాగాలను మనం అమ్మేటప్పుడు కూడా ఇదే నియమం.

మా లెక్క

ఆ వారంలో మేము కట్టిన ధరలు ఇవి. ప్రాసెసరు 11,500. బోర్డు 9,000. ర్యామ్ 3,400. 500 జీబీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 2,900. పవర్ సప్లై 4,300. క్యాబినెట్ 3,600. 24 అంగుళాల ఐపీఎస్ మానిటరు 8,800. యూపీఎస్ 4,800. కీబోర్డు, మౌస్ 1,200. మొత్తం 49,500. ఎర్త్ గుంత, కొత్త సాకెట్ల సామానుకు 1,100. చేతిలో మిగిలినది 1,400.

విండోస్ ఖరీదు ఏదని పాఠకులు అడుగవచ్చు. దుకాణాలలో "ఉచితంగా వేసి ఇస్తాం" అనేది దొంగ నకలు. అది ఉచితమూ కాదు, మనది కూడా కాదు. అసలు విండోస్ కొనాలంటే దాదాపు పది వేలు కావాలి. విద్యార్థుల కోసం కళాశాలలకు మైక్రోసాఫ్ట్ పథకం ఒకటి ఉన్నది. ఈ అబ్బాయి కళాశాలలో అడిగి దాని ద్వారానే తీసుకున్నాడు. ఆ వీలు లేనివారు లినక్స్ వాడుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ దాని మీద నడుస్తుంది, వాలరెంట్ నడవదు.

ఎక్కడ కొనాలి అన్నది మరొక ప్రశ్న. కర్నూలు వారు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటరుకు, కడప వారు చెన్నై రిచీ స్ట్రీటుకో బెంగళూరు ఎస్పీ రోడ్డుకో పోవడం ఉన్నది. మేము ప్రాసెసరు, బోర్డు, ర్యామ్ మూడింటిని కడపలోనే ఒకే దుకాణంలో జీఎస్టీ బిల్లుతో తీసుకున్నాము. కొన్ని వందలు ఎక్కువ పడినది నిజమే. అయితే ఈ మూడింటిలో తప్పు ఎక్కడ ఉన్నదో తేల్చవలసి వస్తే, ఒకే దుకాణం గడపకు నడిచి పోగలగడం ఆ వందల కంటే విలువైనది. ప్రతి భాగం సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకోవాలి.

శుక్రవారం సాయంత్రం

జుమా నమాజు తరువాత దుకాణం మూసి, వైండింగు బల్ల మీద పాత దుప్పటి పరచి కూర్చారు. అబ్బాయి చేయగా తండ్రి చూశారు. మరలు బిగించేటప్పుడు "ఎదురుబొదురుగా బిగించు, ఒకవైపే బిగిస్తే పలక వంగుతుంది" అన్నారు. అన్నీ పూర్తయి మీట నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మాత్రం నల్లగానే ఉన్నది. అబ్బాయి ముఖం పాలిపోయింది. యాభై వేలు. బావగారు తొందరపడలేదు. "కొత్తగా చుట్టిన మోటారు తిరగకపోతే మేము కాయిల్ ఊడదీస్తామా? మొదట కనెక్షన్ చూస్తాం. నీవు గట్టిగా నొక్కకుండా వదిలిందేది?" అని అడిగారు. అబ్బాయి కరెంటు తీసి, ర్యామ్ ముక్కలను మరల అమర్చాడు. ఈసారి రెండు చివర్లా టక్కుమన్న శబ్దం వినిపించింది. తెర వెలిగింది.

యంత్రాన్ని ముందు గదిలో పెట్టాలని, చెల్లెలికి ఎంట్రన్స్ చదువు కోసం ప్రతి రోజూ రెండు గంటలు దక్కాలని నిర్ణయించుకున్నారు. మరొక నియమం అబ్బాయి తానే చెప్పాడు. వాలరెంట్ పోటీ ఒకటి మొదలైతే ముప్పై, నలభై నిమిషాలు సాగుతుంది, మధ్యలో ఆపే వీలు లేదు, లేచి పోతే తోటి ఆటగాళ్లు నష్టపోతారు. కనుక నమాజు వేళకు నలభై ఐదు నిమిషాల లోపు కొత్త పోటీ మొదలుపెట్టరాదు. "ఆపు, ఆపు" అని తల్లి వంటింటి నుండి కేకలు వేయడం కంటే ఈ లెక్క మేలు. చాలా ఇళ్లలో పిల్లలు మాట వినకపోవడానికి ఆట స్వభావం పెద్దలకు తెలియకపోవడం కూడా ఒక కారణం.

ఫోటోలు, వీడియోల నకలును మరొక డిస్కులో దాచమని మేము వాడికి ప్రత్యేకంగా చెప్పాము. ఎందుకో వాడికి తెలుసు.

మిగిలిన 1,400 రూపాయలను ఒక డబ్బాలో వేశారు. నెలకు 2,500 చొప్పున కలిపితే ఎనిమిది నెలలకు 21,400 అవుతుంది. అప్పటి ధరకు ఆర్ఎక్స్ 6600 కొత్తది వారంటీతో వచ్చేది. వాయిదా కట్టి ఉంటే నెలకు పోయేది 2,400. దాదాపు అదే డబ్బు, అదే క్రమశిక్షణ. ఒకటి మనల్ని పన్నెండు నెలలు బాకీదారుగా ఉంచుతుంది. మరొకటి ఎనిమిది నెలలు ఓపిక పట్టమంటుంది.

గత వారం మా చెల్లెలు మరల ఫోను చేసింది. ఈసారి ఫిర్యాదు వేరు. "భాయ్, ఎర్త్ గుంతకు నీళ్లు నువ్వు పోయలేదంటే నువ్వు పోయలేదని ఇద్దరూ రోజూ వాదులాడుకుంటున్నారు" అన్నది. వాదులాడుకోనివ్వమ్మా, మాట్లాడుకుంటున్నారు కదా అన్నాము.